పెరంబూరులో ఎక్కినావిడ

తొంభైల తొలి రోజుల్లో ఒక పెళ్లికని మద్రాసు వెళ్లాను. లోకల్ రైల్లో, పెరంబూరులో ఎక్కిన ఒక పెద్దావిడ నాది కాకినాడని తెలిసి తెలుగులో మాట కలిపింది.

"హిమాలయాలు చూడాలని చిన్నప్పటి ఆశ. మావారేమో ఏటా వచ్చే ఏడంటారు" అని నవ్వుతూ చెప్పాను.

ఆమె నవ్వలేదు. "మా ఆయన ఈడ ఫ్యాక్టరీలో రైలుపెట్టెలు చేసినాడు. మాకు పాసు కూడా ఉన్నింది. రిటైరైనాక కాశీకి పోదామన్నాడు. రిటైరైన ఏడే చచ్చిపోయినాడు. నన్ను గూడూరు కూడా దాటించలా. నువ్వేంటికి మా నవ్వతా ఉండావు?"

మావారి మాట తలుచుకుంటే నాకూ ఒళ్లు మండింది. సెంట్రల్‌లో దిగి నేరుగా రిజర్వేషన్ కౌంటరుకు వెళ్లి హరిద్వారానికి టికెట్ అడిగాను. ఎంతమందికన్నాడు గుమాస్తా. ఒక్కరికే అన్నాను.

ఆ వేసవిలో వెళ్లాను. మావారు స్టేషనుకు రాలేదు, నేను రమ్మనలేదు.