మా గోడ మీది బ్రెజిల్ ఆటగాడు

“తెల్వదు బాంచెన్, గీ మనిషిని మేమెన్నడు చూడలే!” అనేసింది అవ్వ, మా అమ్మ. అప్పటికే సోదాకు వచ్చిన పోలీసు జమాదారు మా కుండలన్నీ దించి వెతికి, గోడ మీది ఫోటో ముందు ఆగాడు. సాయుధ పోరాటం నడిచిన ఆ రోజుల్లో జనగామ పల్లెల్లో పిల్లలకు మొదట నేర్పేది ఆ మాటే. సంఘపోళ్లకు అన్నమెవరు పెట్టారు? తెల్వదు. ఎటు పోయారు? తెల్వదు. ఆ అలవాటులో అవ్వ, మా అన్న మెతుకులతో అంటించుకున్న బ్రెజిల్ ఫుట్‌బాల్ ఆటగాడిని కూడా తెల్వదనేసింది. (స్టేషన్‌లో కూలి చేసే అన్నకు ఒక రైలు గార్డు ఇచ్చిన బొమ్మ అది.)

“చూడనోని ఫోటో మీ గోడకెట్లొచ్చె? ఏ దళపోడు వీడు?” అంటూ జమాదారు అన్న రెక్కలు విరిచి కట్టించాడు. క్యాంపుకు తీసుకుపోయినవాళ్లు సొంత కాళ్ల మీద తిరిగి రావడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు.

నాకప్పుడు పన్నెండేళ్లు. చదువు రెండో తరగతి దాటలేదు గానీ, నోరు మాత్రం బడితో పని లేకుండానే పెరిగింది. “దళపోడు గాదు సారూ, బంతి ఆడేటోడు!” అన్నాను. అవ్వ నా తొడ గిల్లినా ఆగలేదు. ఆ ఆటగాడి అమ్మ ఇళ్లల్లో వంట చేసేదని, పేలికల బంతితో వాడలో ఆడేవాడని, పెద్ద జట్లు పిలిచి తీసుకున్నాయని, ఓడెక్కి ఫ్రాన్సు పోయి గోల్ మీద గోల్ కొట్టాడని, మోకాలు చెడి ఆట మానేశాడని, అన్న చెప్పినదానికి నాది కొంత కలిపి గుక్కతిప్పుకోకుండా చెప్పాను.

“ఏ తాలూకా?”

“బ్రెజిలు.”

“గదెక్కడ? మానుకోట దిక్కా?”

“ఇంకా అవతల సారూ, సముద్రం దాటాలె. గాల్లకు లేసి, బంతిని నెత్తి మీదికెల్లి ఎనుకకు తంతడు.”

“అబద్ధం! ఏదీ, తన్ని సూపియ్యి.”

లంగా దోపుకుని, అన్న పేలికల బంతి ఎగరేసి, నేనూ ఎగిరాను. కాలు బంతికి తగల్లేదు. జమాదారు టోపీకి తగిలింది. అది పోయి కుడితి గోలెంలో పడింది. నేను వెల్లకిలా పడ్డాను. జమాదారు టోపీ తీసి కుడితి దులిపాడు.

“ఆ బ్రెజిలోడు గూడ గిట్లనే పడ్తడా?” అన్నాడు జమాదారు చివరికి.

“పడ్తడు సారూ. గోల్ అయినంక.”

సిపాయిలు పకపకా నవ్వారు. జమాదారు మీసం కూడా ఆగలేదు. అన్న కట్లు విప్పించాడు గానీ, పెద్దసారుకు చూపాలంటూ ఫోటో పీక్కుపోయాడు. కొడుకు దక్కాడని అవ్వ, ఫోటో పోయిందని అన్న, ఇద్దరూ ఏడ్చారు.

ఇప్పుడు నేను సంతలో బేరమాడటానికే రెండుసార్లు ఆలోచిస్తాను. ఆ పన్నెండేళ్ల పిల్ల మాత్రం మరునాడు పొద్దున్నే నడుము పట్టుకుని, కుంటుకుంటూ క్యాంపు గేటు దాకా పోయి, తుపాకీ పట్టిన సిపాయితో, “అన్నా, జమాదారు సారును జర పిల్వు. మా ఫోటో మాకియ్యాలె” అన్నది.