పగటి పూట పలకరింపు

మా వీధి ఆయమ్మ మొన్న మంగళవారం పొద్దున్నే పోయింది. టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకు ఒరిగిందట. మిరపకోతకు వెళ్లే ఆటోలు అప్పటికింకా కదల్లేదు. ఆ రోజు ఎవరూ కోతకు వెళ్లలేదు.

బాలవాడిలో ఆయాగా చేసింది కాబట్టి ఊరందరికీ ఆయమ్మే. నాకు వరసకు ఏమీ కాదు. నన్ను మాత్రం అన్నయ్యా అని పిలిచేది.

కోతల నెలల్లో పగలు మా పల్లెలో ముసలివాళ్లం తప్ప ఎవరూ ఉండరు. ఒక ఏడు ఒంటరిగా ఉన్న ఒక ముసలమ్మ చెవి కమ్మలు పట్టపగలే ఎవరో లాక్కుపోయారు. ఆ తరవాత ఒంటరి వృద్ధుల రక్షణకని ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. మండలాఫీసు సారు వచ్చి చర్చి వరండాలో మీటింగు పెట్టాడు. తలుపులకు లోపల ఇనప గడియలు కావాలన్నాం అందరం. ఆయమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"దొంగ ఏడాదికోసారి వస్తాడు సారూ. మాకు కళ్లు తిరిగేది రోజూ" అంది. అందరం నవ్వాం. గడియలు బిగించి వెళ్లారు.

ఆ కోతల్లోనే నాకు జ్వరం వచ్చింది. గడియ పెట్టుకుని పడుకున్నాను. ఆయమ్మ బయట నుంచి పిలుస్తుంటే వినపడుతోంది, నోరు పెగల్లేదు, లేవలేకపోయాను. ఆమె చేలల్లోకి పోయి కోతలో ఉన్న మగవాళ్లను పిలుచుకొచ్చింది. వాళ్లు గడ్డపారతో తలుపు పగలగొట్టేసరికి పొద్దు వాలింది. వాళ్ల చేతులకు మిరప ఘాటు. ఎత్తుకున్న చోటల్లా రెండు రోజులు నాకు ఒళ్లు మండింది.

ఆయమ్మ ఒక్కటే అడిగింది: "దొంగెవడూ రాలేదు కదన్నయ్యా?"

మరుసటేడు మళ్లీ డబ్బు వచ్చింది. ఈసారి కిటికీలకు ఊచలన్నాడు సారు.

"ఊచలొద్దు సారూ. ఒక మనిషికి కూలి ఇవ్వండి. కోతకు పోకుండా ఊళ్లో ఉండి, పగలు ఇంటింటికీ పోయి చూసే మనిషికి" అంది ఆయమ్మ.

"మనుషులకివ్వడం రూల్లో లేదమ్మా. సామానుకే ఉంది."

"సామాను గంజి కాచి పోస్తదా సారూ?"

మీటింగుల్లో నోరు విప్పే అలవాటు నాకు లేదు. ఆ రోజు లేచి, "నా తలుపు చూసి పోండి" అన్నాను. సారు వచ్చి చూశాడు. అప్పుడు చీలిన చెక్క అలాగే ఉంది, గడియ మాత్రం బిగించినట్టే ఉంది. పుస్తకంలో ఏదో రాసుకుని వెళ్లాడు. కొన్నాళ్లకు పైనుంచి సరేనన్నారు. ఆ మనిషిగా ఆయమ్మనే పెట్టారు.

ఆమె ఎవరినీ బాగున్నారా అని అడిగేది కాదు. గడపలో నిలబడి "ఏం కూర?" అనేది. "బాగున్నావా అంటే అందరూ బాగున్నామనే అంటారు. కూర చెప్పాలంటే పొయ్యి వెలిగించి ఉండాలి" అనేది నాతో.

మూలింటి తాత రోజూ పప్పనే చెప్పేవాడు.

"ఏం పప్పు తాతా? పొయ్యిలో పిల్లి పడుకునుంది" అని గంజి తెచ్చి ముందు పెట్టేది. ఆయన తిట్టుకుంటూ తాగేవాడు.

రెండేళ్లకు ఆ డబ్బు ఆగింది. సారు బదిలీ అయ్యాడు. ఆయమ్మ తిరగడం మానలేదు. ఇంకా ఎందుకమ్మా అంటే, కాళ్లకు అలవాటైందంది. ఈ మధ్య మళ్లీ మంజూరవుతుందని కబురొచ్చింది. "ఈసారి వయసులో ఉన్నదాన్ని పెట్టమని చెప్పాలన్నయ్యా. నన్ను చూసేవాళ్లూ కావాలిగా" అంది. ఆ మాట మండలాఫీసులో చెప్పి వచ్చాం. ఇంకా ఎవరినీ పెట్టలేదు.

సమాధి చేసిన మర్నాడు ఆటోలు ఎప్పటిలాగే కోతకు వెళ్లిపోయాయి. వీధి ఖాళీ అయింది. ఎండెక్కాక చూస్తే మూలింటి తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కాసేపటికి కమ్మలు పోయిన ముసలమ్మ వచ్చి తన గుమ్మం ముందు కూర్చుంది. తరవాత ఇంకో ఇద్దరు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. నేనూ పోయి బయట కూర్చున్నాను. ఎవరిళ్ల ముందు వాళ్లం, ఒకరికొకరం కనపడుతూ. ఎండ నెత్తి మీదికొచ్చినా లోపలికి ఎవరమూ వెళ్లలేదు.