సర్వే నంబరు

మెట్‌పల్లి బస్సులో ఆ రోజు ఒక ప్రశ్న నా నోటిదాకా వచ్చింది. కావాలనే మింగేశాను.

పక్క సీటతను దుబాయి నుంచి వచ్చాడు. పేరు అడగలేదు. చొప్పదండిలో కొనబోయే ప్లాటు ఈసీ, అంటే తాకట్టులుంటే చూపే కాగితం, నా చేతిలో పెట్టి, "జర సూడు అన్నా. దీనిమీద ఎవ్వల కుదువ లేదని వచ్చింది. రేపే రిజిస్ట్రేషన్," అన్నాడు.

నేను మూడేళ్లు ఆశపడి వదులుకున్న ప్లాటు అది. ప్లాట్లు చేయకముందే ఆ భూమి మొత్తం బ్యాంకు కుదువలో ఉంది. పాత సర్వే నంబరు మీద ఈసీ తీయిస్తే నాకు తెలిసింది. ఇతని కాగితంలో ప్లాటు నంబరొక్కటే ఉంది; దాని మీద తీస్తే పాత కుదువ కనబడదు.

"సర్వే నంబరు మీద తీసినవా?" అంటే చాలు. కానీ అతని ముఖంలోని సంబరం చూసి ఓర్వలేకపోయాను. దొరికేది చిక్కులేనని తెలిసి కూడా, నాకు దొరకనిది ఇతనికి దొరుకుతోందని కుళ్లుకున్నాను.

"మంచిగనే ఉన్నది," అన్నాను.

అతను సంచిలోంచి ఖర్జూరాలు తీసి నా దోసిట్లో పోశాడు.

నిరుడు ఆ ప్లాటు పక్కనుంచి పోతూ బస్సులోంచి చూస్తే, సగం లేచిన గోడకు బ్యాంకు నోటీసు అంటించి ఉంది. అతను అక్కడే మిగిలిన ఇటుకలు పేరుస్తున్నాడు. దిగి వెళ్లాను. నన్ను గుర్తుపట్టాడు.

"నువ్వు సుత సూసినవు గదా అన్నా. ఇద్దరికీ సమజ్ కాలే."

"నాకు సమజైంది తమ్మీ. ఓర్వలేక చెప్పలే. నన్ను మాఫ్ చెయ్యి," అన్నాను.