బొమ్మలో వీపు లేని కోటు

మా నడిమింట్లో గోడకు వేలాడే పెళ్ళి పటం చూసి, మా పెద్దవాడు తనకూ అలాంటి సూటే కావాలన్నాడు. వచ్చే ఎండాకాలంలో వాడి పెళ్ళి. పటంలో నేను రెండు వరసల గుండీల కోటు తొడుక్కుని, జిల్లా మొత్తం నా పేర రాసిచ్చినట్టు గడ్డం పైకెత్తి నిలబడి ఉంటాను. పక్కన నా భార్య. ఆమె ఎడమ చేతిలో పూలగుత్తి కనబడుతుంది. కుడి చెయ్యి కనబడదు. చూసినవాళ్ళంతా కోటును మెచ్చుకున్నారే గాని, ఆ చెయ్యి ఎక్కడుందని ఇన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు. మా వాడు ఆ పటాన్ని నమ్మి దర్జీ దగ్గరికి పోకముందే ఈ సంగతి కాగితం మీద పెట్టాలి. నోటితో చెబితే నవ్వేసి పోతాడు. రాసి ఇస్తే, నా కొడుకే కాబట్టి, చదవకుండా ఉండలేడు.

అప్పట్లో నేను బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళ గనిలో కూలీల హాజరు రాసే పనిలో ఉన్నాను. మిషను బడిలో నా చదువు సగంలోనే ఆగిపోయింది. మిగతాది కర్నూలు గ్రంథాలయంలో నాకు నేనే చెప్పుకున్నాను. శనివారం తీరిక దొరికితే రైలెక్కి పోయి, బీరువాలో పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివేవాణ్ణి. తేనెటీగల పెంపకం, అగ్నిపర్వతాలు, పళ్ళ జబ్బులు, ఏది ముందొస్తే అది. చదివింది కడుపులో దాచుకునే గుణం నాకు లేదు. ఈ రాళ్ళన్నీ ఒకప్పుడు సముద్రం అడుగున ఉండేవని గనిలో చెప్పాను.

"అట్లనా అప్పా? మరి చేపలు యాడికి పోయినాయి?" అన్నాడు సుత్తె పట్టుకున్న ఒకాయన. వారం రోజులు గనిలో అందరూ నన్ను చేపల సంగతే అడిగారు.

ఇలాంటి నాకు కడప వైపు నుంచి సంబంధం కుదిరింది. పిల్ల టీచరు ట్రైనింగు పూర్తిచేసి మిషను బడిలో పాఠాలు చెబుతోంది. ఆమెకు సర్టిఫికెట్లున్నాయి. నాకున్నది ఒక బీరువా, అది కూడా గ్రంథాలయం వాళ్ళది. చదువులేనివాడికి కట్టబెట్టారని ఆమె మనసులో పడితే ఇక జన్మంతా ఆ చూపు కిందే బతకాలి. పెళ్ళినాడు మా చర్చి గుడిలో నన్ను చూడగానే 'ఇతనూ చదువుకున్నవాడే' అనుకోవాలి. నా దిగులంతా అదే.

మా పల్లెలో పెళ్ళికొడుకులందరికీ కలిపి ఒకటే కోటు. ఎప్పుడో ఒక పొడుగాటి మిషను దొర ఇంగ్లాండుకు తిరిగిపోతూ వదిలిపెట్టిన నల్లకోటు అది. గుడి పెట్టెలో వేపాకు మధ్య ఉండేది. పొట్టివాడు చేతులు మడుచుకునేవాడు, సన్నవాడు లోపల ఇంకో చొక్కా వేసుకునేవాడు. పెళ్ళి కాగానే ఎండలో ఆరేసి మళ్ళీ పెట్టెలో పెట్టేవారు. పెట్టె తాళం సంఘపెద్ద మొలతాడుకు ఉండేది. ఆయన ఆ కోటు పట్టుకుని మా ఇంటికొస్తే నేను వద్దన్నాను.

"ఏమప్పా, మీ నాయన ఏసుకున్న కోటు నీకు పనికిరాదా?"

"అది నా కొలతకు కుట్టింది కాదు తాతా. ఎవురి కోటు వాళ్ళ కొలతకే ఉండల్ల."

"ఎవురు చెప్పిరి?"

"పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకం రాసినోని పెండ్లి మన పల్లెలో అయిందా?" అని ఆయన కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

పుస్తకం మాట అబద్ధం కాదు. మగవాళ్ళ దుస్తుల మీద ఒక ఇంగ్లీషు పుస్తకం బీరువాలో దొరికింది. పక్కన నిఘంటువు పెట్టుకుని చదివాను. ఒక్క సూటుకు మించి కొనలేనివాడు ముదురు నీలం ఉన్నిగుడ్డతో, ఛాతీ మీద ఒక అంచు మీదికి ఇంకో అంచు వచ్చేలా కుట్టించుకోవాలట. అది కచేరీకీ, విందుకీ, పెళ్ళికీ, సమాధుల తోటకూ, ప్రయాణానికీ ఒకేలా పనికొస్తుందట. గనిలో హాజరు సంగతి అందులో లేదు. దాన్ని నేనే కలుపుకున్నాను. పలచటి కాగితం మీద బొమ్మ దించుకుని, కర్నూలు బజారులో తానుకు చివర మిగిలిన నీలం ముక్క కొని, దర్జీ దగ్గరికి పోయాను. ఆయన పోలీసుల నిక్కర్లు, సాయిబుల షేర్వానీలు కుట్టడంలో పేరున్నవాడు. సూటు కుట్టడం ఆయనకు కొత్త. నాకంటే ఆయనకే సంబరం ఎక్కువైంది.

"భలే ఉండాది సాబ్! కానీ ముందుపక్క రెండు పొరలకే గుడ్డ శానా పోతాది. ఈపుకు మిగిలేది ఇంతే."

ఇద్దరం బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాం. వీపు లేదు. వెనక నా పెన్సిలు మరకలే ఉన్నాయి.

"బొమ్మలో లేనిది మనకెందుకు సాబ్?" అన్నాడాయన.

"ఈపు ఎవురు చూస్తారులే," అన్నాను నేను.

కోటు ఇంటికొచ్చినరోజు మా అమ్మ చుట్టూ తిరిగి చూసింది. "శానా బాగుండావు నాయనా. ఒకసారి వొంగి చూడు."

"సూటు వేసుకున్నోళ్ళు వొంగరమ్మా."

"గుడిలో మోకరించవా మరి?"

ఈ ప్రశ్నకు జవాబు బీరువాలో ఏ అరలోనూ లేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించాను.

పెళ్ళి ఎండాకాలంలో. పొలంపనులు లేని రోజులు అవే. మా గుడిలో జనమంతా వెనక చాపల మీద కూర్చుంటారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ పాస్టరయ్యకు ఎదురుగా నిలబడతారు. ఆ గుడిలో చిన్నప్పటి నుంచీ ఎన్నో పెళ్ళికొడుకుల వీపులు చూసిన నాకు, పెళ్ళంటే జనం చూసేది వీపేనన్న సంగతి అక్కడ నిలబడ్డాకే తట్టింది. నా ముందుభాగాన్ని చూసే భాగ్యం పాస్టరయ్య ఒక్కరిదే. ఆయనకు చత్వారం.

వెనక ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. "యేందక్కా, తమ్మునిది ఏసుకున్నాడా?"

"ఉక్కకు ఉబ్బినాడేమోలే."

నీలం ఉన్నిలో నేను ఉడికిపోతున్నాను. ప్రార్థనకు మోకరించి, చేతులు జోడించి, తల వంచాను. మెడ నుంచి నడుము దాకా వీపు నడిమి కుట్టు పర్రుమని చీలింది. పాస్టరయ్య ప్రార్థన ఆపలేదు. ఆ చీలికలో నుంచి వీపుకు తగిలిన చల్లగాలి మాత్రం హాయిగానే ఉందని ఒప్పుకోవాలి.

ఆమేన్ అనగానే సంఘపెద్ద మోకాళ్ళ మీదే నా వెనక్కి జరిగి, గుడంతా వినబడే గుసగుసతో అడిగాడు. "పెట్టెలోది తెమ్మంటావా అప్పా?"

నేల చీలి నన్ను మింగినా బాగుండుననిపించింది. నేను జవాబిచ్చేలోపల ముసుగు కింది నుంచి ఆమె గొంతు వినిపించింది. నా పక్కన ఆమె పలికిన మొదటి మాటలు అవే.

"వద్దు తాతా. నేను పట్టుకుంటా."

లేచేటప్పుడు ఆమె కుడి చేతి పిడికిలిలో నా కోటు రెండు సగాలూ ఉన్నాయి. గుడి బయటికి నడిచేటప్పుడు నా పక్కన కాకుండా ఒక అడుగు వెనక నడిచింది. చదువుకున్న పిల్ల అయినా ఎంత అణకువ అని దూరపు చాపల మీదివాళ్ళు ముచ్చటపడ్డారు. బయట మిషను దొరసానమ్మ కెమెరా పెట్టుకుని నిలబడి ఉంది. పెళ్ళికూతుర్ని రెండు చేతులూ ముందుకు పెట్టమంది.

"నాకిట్లనే బాగుండాది దొరసానమ్మా," అంది ఆమె. ఆ పటమే మా గోడ మీదిది.

సాయంత్రం ఇద్దరం ఎద్దులబండి ఎక్కాం. ఆమె చెయ్యి ఇంకా నా వీపు మీదే ఉంది.

"ఇంగ వదిలేదా, ఇట్లే పట్టుకోని ఉండల్నా?" అంది.

కోటు ఎందుకు చీలిందని ఆమె అడక్కముందే పుస్తకం సంగతీ, బొమ్మ సంగతీ, నా దిగులుతో సహా అన్నీ చెప్పేశాను. నవ్వుతుందనుకున్నాను. నిజంగానే నవ్వింది, బండి తోలేవాడు ఎద్దులను ఆపి చూసేంతగా. నవ్వు తగ్గాక అడిగింది. "ఆ బీరువాలో అన్నీ చదివినారా?"

"కింది అర మిగిలిపోయింది."

"ఈసారి పోయేటప్పుడు నన్నూ పిల్చుకోని పోండి. ఆ అర నేను చదువుతా. కోటు మాత్రం ఇంట్లోనే పెట్టి రాండి."

మరుసటి నెల ఇద్దరం పోయాం. కింది అరలో ఉన్నవి గొర్రెల జబ్బుల పుస్తకాలు. ఆమె విడిచిపెట్టకుండా చదివింది.

తర్వాత ఆ కోటు వీపులో నల్లగుడ్డ పట్టీ వేసి వదులుగా కుట్టించి, గుడి పెట్టెకు ఇచ్చేశాం. దొరకోటు వేలాడిపోయే పొట్టివాళ్ళకు అది సరిగ్గా పట్టింది. ఎంతోమంది దానిలో మోకరించి లేచారు. అన్ని వేళలకూ పనికొచ్చే సూటని పుస్తకం చెప్పిన మాట ఇలా నిజమైంది. మా వాడు పొట్టివాడే. పెట్టె తాళం ఇప్పుడు సంఘపెద్ద మనవడి దగ్గర ఉంది.

ఇక కృతజ్ఞతలు. పేర్లు రాస్తే ఊళ్ళో తిరగలేవని ఇంట్లో హెచ్చరిక ఉంది కాబట్టి వరసలతోనే చెబుతాను. పెట్టెలో కోటు తెస్తానన్న తాతకు, వొంగి చూడమన్న అమ్మకు, నాతోపాటే వీపును మరిచిన కర్నూలు దర్జీకి, ప్రార్థన ఆపని పాస్టరయ్యకు, పటం తీసిన దొరసానమ్మకు, చేపల సంగతి అడిగిన గనివాళ్ళకు, అందరికీ నా దండాలు. పటంలో కనబడని ఆ కుడి చేతికి వేరే చెప్పను. ఇది రాస్తూ ఉంటే ఆమె వెనక నిలబడి చదువుతోంది, ఆ చెయ్యి నా భుజం మీదే ఉంది.