చల్లారిన జిర్కోనియా

టెస్ట్ కొలిమి స్విచ్ వేయగానే ముందు కాలిన దుమ్ము వాసన వస్తుంది, ఆ తర్వాత వేడెక్కిన పింగాణీది. ఇవాళ పొద్దున ఆ వాసన తగలగానే చేతిలో పని ఆగిపోయి కోటేశ్వరరావు గారు గుర్తొచ్చారు. దాచేపల్లి దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఆయన ఇన్‌స్ట్రుమెంట్ ఫోర్‌మన్. నేను నరసరావుపేట నుంచి బీటెక్ పట్టాతో, దాన్ని మించిన ధీమాతో వెళ్లిన ట్రైనీని. మొదటి రోజు ‘సార్’ అనగానే చెయ్యి అడ్డం పెట్టారు. “సార్ అంటే నా ఎనక ఎవురో వచ్చారని తిరిగి చూస్తా అమ్మాయ్. బాబాయ్ అను, పలుకుతా.”

నా ప్రొబేషన్ చివరి వారం అది. సున్నపురాయిని కాల్చే కిల్న్ నుంచి వచ్చే పొగలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే ప్రోబ్ ఒకటుండేది. అది చెప్పకపోతే బొగ్గు ఎంత వేయాలన్నది గుడ్డిలెక్కే. బాబాయ్ భోజనానికి వెళ్లిన వేళ అది మూగబోయింది. నేనే బయటికి తీయించి, చల్లారనిచ్చి, లోపలి సెల్‌కి, అంటే జిర్కోనియా అనే పింగాణీ గొట్టానికి, మల్టీమీటర్ పెట్టాను. కరెంటు పారే దారే లేదు. స్టోర్స్ నుంచి కొత్తది తెప్పించాను, అదీ అంతే. ఇంకొకటి, అదీ అంతే. మూడింటికీ పంచనామా పూర్తిచేసి కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేశాను. “సెల్స్ అన్నీ పోయాయి. కిల్న్ ఆపుకోండి.” గంటలో ఆపుతామన్నారు. ఒకసారి చల్లారితే ఆ కిల్న్ మళ్లీ దారికి రావడానికి రోజులు పడుతుంది.

బాబాయ్ చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు. మీటర్ వంక చూడనైనా లేదు, గొట్టాన్ని అరచేతిలోకి తీసుకున్నారు.

“చల్లగుందేందమ్మాయ్?”

“బయటికి తీశాం కదా బాబాయ్.”

“నిద్రపోయేదాన్ని లేపకుండానే పాడె కట్టావా?”

గొట్టానికి తీగలు కట్టి టెస్ట్ కొలిమిలో పెట్టారు. అది కాగేలోపు చెప్పారు: “మాచర్ల బస్సు కిక్కిరిస్తే ఎవురన్నా కదులుతారా? ఒక సీటు ఖాళీ అయితే పక్కోడు జరుగుతాడు, ఆడి సీట్లోకి ఇంకోడు. జిర్కోనియాలో కాస్త యిట్రియా అనే ఇంకో పొడి కలిపేది అందుకే. ఆక్సిజన్‌కి సీట్లు ఖాళీ పడతాయి. కానీ బాగా కాక తగిలితేనే లేచి జరిగేది. చల్లగుంటే అది ఉత్త రాయి.”

ఇదే సంగతి పరీక్షలో రెండు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. నా చదువు కూడా చల్లగా ఉంటే పారదన్నమాట. కొలిమి ఏడొందల డిగ్రీలు దాటేసరికి మీటర్ ముల్లు నిక్షేపంగా లేచింది. అసలు తప్పు ప్రోబ్‌ని వేడిగా ఉంచే హీటర్ తీగది. అది ఊడిపోయింది, అంతే.

ప్రోబ్ పోలేదు గానీ ప్రొబేషన్ పోయిందనుకున్నాను. కిల్న్ ఆపడానికి ఇంకా పది నిమిషాలుంది.

“మీరు చెప్పండి బాబాయ్, మీ మాటైతే…”

“ఆపమన్న నోరు ఎవురిది?”

“నాదే.”

“వద్దనేదీ ఆ నోరే. ఫోనెత్తు.”

ఎత్తాను. “ఆపొద్దండీ. సెల్స్ బాగానే ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు చూసి నేనే తప్పు చెప్పాను.” అవతల గది గదంతా నవ్వు. “ఏందమ్మా, చచ్చినోళ్లు ముగ్గురూ లేచారా?”

బాబాయ్ నవ్వలేదు. అప్పటికే హీటర్ తీగ కొస చెక్కుతున్నారు. “నవ్వనీలే. నేను కొత్తలో నాలుగు చంపా. ఒక్కటి గూడా బయటికి చెప్పలా. స్క్రాప్‌లో ఏశా. అయి బతికే ఉన్నయ్యని తెలిసేసరికి చానా ఆలస్యమైంది.” తల ఎత్తకుండానే అన్నారు.

ఉద్యోగం నిలిచింది, ‘డాక్టరమ్మ’ అన్న పేరూ నిలిచింది. బాబాయ్ ఇప్పుడు లేరు. ఆ తర్వాత చేసిన తప్పులకు నాకు కొదవ లేదు, ప్రతిదానికీ ఎవరికో ఒకరికి ఫోన్ చేయాల్సే వచ్చింది. ఇన్నేళ్లయినా అది ఎత్తేటప్పుడు చెయ్యి బరువెక్కుతుంది. అయినా ఎత్తుతాను.