శవాసనంలో నా చెయ్యి

క్యాన్సర్ వచ్చి, పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో ఎడమ రొమ్ము తీసేశాక నేను అద్దం చూడటం మానేశాను. స్నానం కూడా లైటు ఆర్పేసి చేసేదాన్ని. అమీర్‌పేటలో మా పక్కింట్లో యోగా నేర్పే ఆవిడ బలవంతం చేస్తే, వదులు చొక్కా వేసుకుని వెనక వరసలో చేరాను. చివర్లో వెల్లకిలా పడుకోమన్నప్పుడు, చదునుగా ఉన్న వైపు అందరికీ తెలిసిపోతుందని చేతులు అడ్డం పెట్టుకున్నాను.

ఆవిడ పక్కన కూర్చుని, "భయమైతుందా అక్కా?" అని మెల్లగా అడిగింది.

"అయితుంది. జబ్బు మళ్ల వస్తదేమోనని సుత భయమే."

"భయముంటే ఉండనీ. జర ఊపిరి తీస్కో. చెయ్యి ఏడ పెట్టబుద్ధయితే గాడ పెట్టు."

చొక్కా మీదనుంచే కుట్ల మచ్చపై అరచెయ్యి ఆనించాను. ఆపరేషన్ తర్వాత నా అంతట నేను అక్కడ చెయ్యి వేయడం అదే మొదటిసారి. ఆవిడ లేవమనేదాకా చెయ్యి తీయలేదు.