స్వాగతం అక్క అడ్రసు

ఊళ్లోకి కొత్తగా ఎవరు దిగినా, మున్సిపల్ ఆఫీసు తరఫున మొదట తలుపు తట్టేది ఆమే. అందుకే స్వాగతం అక్క అన్న పేరు స్థిరపడిపోయింది. నీళ్లు ఎప్పుడొస్తాయో, ఏ డాక్టరు హస్తవాసి మంచిదో చెప్పి, చివర్లో "ఏ అవసరమొచ్చినా మా ఇంటికి వచ్చెయ్యండి" అంటూ సొంత అడ్రసు రాసిచ్చేది. పద్నాలుగేళ్లుగా అదే వరస.

జనం పెరిగారు. అద్దెలూ పెరిగాయి. పోయిన వారం ఇంటివాడు మొహమాటం లేకుండా ఆమెనే ఖాళీ చేయించాడు. చెల్లెలి ఇంట్లో, హాల్లో ఓ మూల సర్దుకుంది.

ఇవాళ ఆఫీసువాళ్లు ఇచ్చిన చీటీలో ఉన్నది ఆ పాత ఇంటి అడ్రసే.

తలుపు తీసిన అమ్మాయి చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి. మున్సిపల్ ఆఫీసు నుంచి వచ్చానని చెప్పగానే ఊరట పడింది. "సమయానికొచ్చారక్కా! వంటింట్లో కుళాయి ఎంత తిప్పినా ఆగదు, చంపుకుతింటోంది."

"కాస్త పైకెత్తి తిప్పమ్మా. అది మొండిఘటం."

"మీకెలా తెలుసు?"

"ఈ ఊరి కుళాయిలన్నీ అంతే," అని అబద్ధమాడింది.

నీళ్లూ డాక్టరూ అన్నీ చెప్పింది. చివరి మాట మాత్రం వదిలేసి గుమ్మం వైపు తిరిగింది.

"మీ ఇల్లెక్కడక్కా? ఏదన్నా అవసరమైతే వస్తా," అని ఆ పిల్లే అడిగింది.

ఆమె చీటీ మీద ఆఫీసు అడ్రసు రాసిచ్చింది.

"ఐదు దాటితే మాత్రం మర్నాడు రామ్మా."